భుజం మీద అయిదు గుండీలు

నీళ్ళు చిలకరించగానే వాసన లేచింది.

తడిసిన ఉన్ని వాసన.

టైలరమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా సైకిల్ క్లబ్బు బీరువాలో మడతపెట్టి ఉన్న జెర్సీ... నాలుగు చుక్కలు పడ్డాయో లేదో, ఆ కొండ, ఆ వాన, ఆ గాలి — అన్నీ గదిలోకి వచ్చేశాయి.

ఎదురుగా బల్లమీద ఒక అట్టముక్క. రేపు పొద్దున జెర్సీని క్లబ్బు హాల్లో అద్దాల పెట్టెలో పెడతారు. దాని కింద ఈ అట్ట పెడతారు. బంగారు అక్షరాలు.

'షోకుల రాయుడు. భుజానికి గుండీలు పెట్టించుకుని కొత్త ఫ్యాషన్ తెచ్చిన సైకిల్ వీరుడు.'

ఫ్యాషనట!

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"లోపల ఏదో మరక ఉంది పిన్నిగారూ, కాస్త పోగొట్టండి. గుండీలు కూడా పాతబడ్డాయి, మెరిసేవి వేసెయ్యండి. ఫొటోల్లో బాగుంటుంది," అని చెప్పి వెళ్ళాడు కార్యదర్శి. మంచివాడే. ఆ రేసు నాటికి అతనింకా పుట్టలేదు. పుట్టనివాళ్ళని ఏమంటాం? పుట్టి, కళ్ళుండి, ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళను అనాలి.

రాయుడికి షోకులు లేవని కాదు. బోలెడున్నాయి. సాక్సులు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. బూట్లు అద్దాల్లా ఉండాలి. నడుం దగ్గర అరంగుళం వదులైనా ఊరుకునేవాడు కాదు. "గాలి దూరుతోంది అక్కా," అనేవాడు. గాలీ లేదు, పాడూ లేదు. అద్దంలో బాగా కనిపించాలి, అంతే! జట్టు బట్టలన్నీ ఆమె చేతివే; రేసులకూ జట్టు వెంటే వెళ్ళేది. "నీ షోకు తగలెయ్య," అని తిట్టేది. తిడుతూనే విప్పి మళ్ళీ కుట్టేది.

కొండ ఎక్కేటప్పుడు చూడాలి అతన్ని...

మిగతావాళ్ళు పళ్ళు కొరికేవాళ్ళు. తలలు ఊపేవాళ్ళు. సైకిల్ని అటూ ఇటూ విసిరేవాళ్ళు. అతని వీపు కదిలేది కాదు. కాళ్ళు మాత్రం తిరిగేవి. వీపు మీద గ్లాసుడు నీళ్ళు పెట్టినా తొణికేవి కావు.

కష్టం కనపడకపోతే కష్టమే లేదనుకుంటారు జనం.

అదీ ఆమె కోపం.

రోజుల తరబడి సాగే రేసు. ఆ రోజు వాన. కొండ దిగే మలుపులో పడ్డాడు. లేచాడు. టోపీ సర్దుకున్నాడు. టోపీ సర్దుకున్నాడని పేపర్లలో రాశారు. పడ్డాడని రాయడం మర్చిపోయారు! ఆ తర్వాత ఇంకో కొండ ఎక్కాడు. అదే కదలని వీపు. అందరికంటే ముందొచ్చాడు.

హోటల్ గదిలో తలుపు వేసుకున్నాక తెలిసింది. కుడిచెయ్యి లేవడం లేదు. జెర్సీ తల మీంచి రావడం లేదు.

"కత్తెర తీసుకో అక్కా."

"డాక్టర్ని పిలుస్తానుండు."

"పిలిస్తే రేసులోంచి తీసేస్తారు. ఇంకా రెండు రోజులేగా. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

ఇచ్చింది. అంతకంటే ఏం చేస్తుంది?

"కుట్టు మీదే కొయ్యి. మంచి బట్ట," అన్నాడు.

తడిసిన ఉన్ని. కుట్టు మీద పడలేదు కత్తెర. బతుకంతా బట్టలు కోసిన మనిషి వంకరగా కోసింది ఆ ఒక్కసారే. మెడ నుంచి భుజం దాకా. లోపల ఎముక విరిగి చర్మాన్ని పైకి తోసింది. చర్మం చిట్లి నెత్తురు ఉన్నిలోకి ఇంకిపోయింది. అతను గోడ వంక చూస్తూ కూర్చున్నాడు.

అందరికన్నా ముందున్నవాడికి ఇచ్చే జెర్సీ అది. ఒక్కటే ఇస్తారు. మర్నాడూ అదే వేసుకోవాలి. తల మీంచి వెయ్యడం కుదరదు. అందుకని కోసిన అంచులు మడిచి కుట్టింది. అయిదు కాజాలు కుట్టింది. హోటల్ వాళ్ళ దిండు గలీబులకున్న గుండీలు తెంపి పెట్టింది.

అతను అద్దంలో చూసుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది. చెమటలు కారుతున్నాయి.

"అక్కా... అయిదూ ఒకే రంగువి లేవా?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తన కోటు గుండీలు తెంపింది. అయిదూ నల్లవి.

రెండు రోజులు. మూడు కొండలు. వాన.

గెలిచాడు.

వారం తిరక్కుండా కుర్రకారంతా భుజానికి గుండీలు! బస్సుల్లో గుండీలు, సినిమా హాళ్ళ దగ్గర గుండీలు. 'వానలోనూ సింగారమే' అని పేపర్లో బొమ్మ కూడా వేశారు. సిగ్గు లేకపోతే సరి! ఆమె దగ్గరికే వచ్చి "షోకుల రాయుడి మోడల్ కుట్టండి" అని అడిగినవాళ్ళున్నారు. ఒక్కటీ కుట్టలేదు. ఒక్కటంటే ఒక్కటి.

ఆ ఎముక వంకరగానే అతుక్కుంది. మళ్ళీ కుడిచేత్తో తల దువ్వుకోలేదతను. ఎడమచేత్తో దువ్వుకునేవాడు — పాపిట మాత్రం చెక్కు చెదిరేది కాదు.

"ఇప్పుడైనా చెప్పనా?" అని అడిగేది ఏటా.

"వద్దక్కా. జాలిపడతారు. షోకు అనుకోనీ."

అతను పోయి ఏడాదైంది. మాట మాత్రం ఆమె మెడకు చుట్టుకునే ఉంది.

మరక ఉతకలేదు. గుండీలు మార్చలేదు.

పొద్దున హాలు. బయట వాన. పెట్టెకు తాళం వెయ్యబోతుంటే, "ఉండు బాబూ, మడతలు సర్దాలి," అంది. వంగింది. విప్పింది.

ఒక గుండీ. రెండు. మూడు. నాలుగు. అయిదు.

భుజం ముక్క కిందికి వాలింది. వంకర కోత. లోపల గోధుమరంగు మరక. సంచిలోంచి తన పాత కోటు తీసి పక్కనే పరిచింది. గుండీలు ఉండాల్సిన చోట తెగిన దారాలు, అయిదు చోట్ల.

"ఇదేంటి పిన్నిగారూ?"

ఆమె చెప్పలేదు. చెప్పనని మాటిచ్చింది మరి.

"చూడు," అంది.

కార్యదర్శి కోత చూశాడు. మరక చూశాడు. దారాలు చూశాడు. అతని చెయ్యి బంగారు అక్షరాల అట్ట మీదికి వెళ్ళి... అక్కడే ఆగిపోయింది.

తలుపులు తెరుచుకున్నాయి. జనం లోపలికి వస్తున్నారు. గొడుగులు, తడిసిన కోట్లు, నవ్వులు. "ఏడీ మన షోకుల రాయుడు?" అన్నాడు ముందొచ్చిన ముసలాయన. అద్దం మీదికి వంగాడు. నవ్వు ఆగిపోయింది.

తప్పు చేశానా తమ్ముడూ... అనుకుంది.

అయ్యో అని మాత్రం అనకు పెద్దమనిషీ, అనుకుంది పళ్ళు బిగించి. వాడు పడ్డదంతా నీ అయ్యో కోసం కాదు.

ముసలాయన పెదవులు కదిలాయి.

హాలు నిండా తడిసిన ఉన్ని వాసన.