ఇచ్చేద్దాం

"కారు శుభ్రంగా కడిగిపెట్టు దీవెనా, ఆదివారం ఆశ్రమానికి ఇచ్చేద్దాం" అన్నాడు రాబర్ట్, తాగేసిన కాఫీ గ్లాసు నా చేతికిస్తూ.

మా ఆయన మాటల్లో ఈ "ద్దాం" ఒకటుంది. పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా కలుపుకుని మాట్లాడుతున్నాడని మురిసిపోయేదాన్ని. సంఘ పెద్దలకి మనింట్లో భోజనాలు పెట్టేద్దాం అంటే వండాల్సింది నేనని, ఇల్లు దులిపేద్దాం అంటే చీపురు నాదని తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. అత్తమ్మకి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయినప్పుడు "ఉద్యోగం మానేద్దాం" అన్నాడు. ఆయన మాత్రం తన బడి పంతులు ఉద్యోగానికి వెళ్తూనే ఉన్నాడు. విజయనగరంలో పద్దెనిమిదేళ్ళు చేసిన నర్సు ఉద్యోగం నేను మానేశాను.

ఆ కారు ఉద్యోగం రోజుల్లోదే. మా డాక్టరమ్మ విశాఖ వెళ్ళిపోతూ తన పాత కారు నాకు అమ్మింది, నడపడం కూడా తనే నేర్పింది. కాసేపు పెట్రోలుతో, కాసేపు బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ కారు. నెమ్మదిగా పోతే చప్పుడే ఉండదు. "ఇది కారేటి, మూగమొద్దు" అని రాబర్ట్ ఒక్కసారి కూడా స్టీరింగ్ పట్టుకోలేదు. ఆయనకి తన మోటారు సైకిలే గొప్ప.

ఆరేళ్ళపాటు వారానికి రెండుసార్లు అత్తమ్మని నెల్లిమర్ల నుంచి విజయనగరానికి ఫిజియోథెరపీకి అందులోనే తీసుకెళ్ళాను. మా అత్త కాంతం ఏమంత తేలికైన మనిషి కాదు. కూరలో ఉప్పు దగ్గర నుంచి నాకు పిల్లలు పుట్టకపోవడం దాకా దేన్నీ వదిలేది కాదు. అలాంటిది, ఆ చప్పుడు లేని కారులో పక్కపక్కన కూర్చుని వెళ్తూ వెళ్తూ, ఎప్పుడు మొదలైందో చెప్పలేను, ఇద్దరం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఇంట్లో టీవీ గొంతు, దాని మీద రాబర్ట్ గొంతు. మూడో గొంతుకి చోటుండేది కాదు. కారులో మాత్రం నాలో ఉన్నాయని నాకే తెలియని మాటలు వచ్చేవి.

"ఒలే, ఇంట్లో బెల్లం కొట్టిన రాయిలాగుంటావు. కారెక్కితేనే గొంతొస్తాదేటే నీకు?" అని నవ్వింది ఒకరోజు.

ఇంకోరోజు చంపావతి వంతెన దాటాక ఆపమంది. "నానూ నీలాగేనే. నాకేటిష్టమో మీ మావ ఎప్పుడూ అడగనేదు. ఆయన పోయినాక నన్ను నానే అడిగి సూసుకున్నాను. ఏటీ తోసనేదు" అంది. ఇద్దరం చాలాసేపు అక్కడే కూర్చున్నాం. ఇంటికొచ్చాక ఇంత ఆలస్యమేమని రాబర్ట్ అడిగితే, "డాక్టరు కాడ జనం రా" అని నాకోసం అబద్ధం చెప్పింది.

ఆ మనిషి పోయి నలభై రోజులు. ఆ నలభై రోజులూ పరామర్శకి వచ్చేవాళ్ళకి వండి వడ్డించాను. కళ్ళు తుడుచుకోవడానికైనా చెయ్యి ఖాళీ లేదు.

కారు ఇచ్చేద్దామన్న రోజు మాత్రం, "నాకు కావాలేమోనండీ" అన్నాను.

"బేటరీ ముసల్దైపోనాది. ఇంకో రెండేళ్ళు లాగితే గొప్పని మెకానిక్ సెప్పలేదా? అయినా అమ్మే లేదు, ఇంక నీకు కారుతో పనేటి? ఎక్కడికెళ్తావు?"

కోపంగా కాదు, నిజంగా తెలియకే అడిగాడు. ఎక్కడికీ వెళ్ళను, అందులో కూర్చుంటాను, అంతే. ఆ మాట మొగుడితో ఎలా చెప్పడం? పైగా దిక్కులేని ముసలమ్మల ఆశ్రమానికి దానం. వద్దంటే నాకంటే పాపిష్టిది ఉండదు. అందుకే నోరు మూసుకుని కడిగాను. లోపల తుడుస్తుంటే పక్క సీటుకి అత్తమ్మ తలనూనె మరక కనిపించింది. దానికి సబ్బు పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అత్తమ్మ జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. తల్లి పేరిట కారు సమర్పిస్తున్న కొడుకుని పాస్టరుగారు మైకులో మెచ్చుకున్నారు. మా చర్చిలో ఫ్యాను రెక్కల మీద కూడా ఇచ్చినవాళ్ళ పేర్లుంటాయి. కారు వెనకద్దానికి స్టిక్కరు అప్పటికే తయారైంది: "ప్రభువునందు నిద్రించిన కాంతం గారి జ్ఞాపకార్థం, కుమారుడు రాబర్ట్."

ఆశ్రమం వార్డెనమ్మ కాగితాలు తెచ్చింది. కారు నా పేరు మీద ఉంది కాబట్టి సంతకం నాదే కావాలి. రాబర్ట్ పెన్ను మూత తీసి నా వేళ్ళ మధ్య పెట్టాడు.

"సంతకం పెట్టేద్దాం దీవెనా."

వార్డెనమ్మ కళ్ళజోడు సరిచేసుకుని కాగితం చదివింది. "ఆగమ్మా. బండి నీ పేరునున్నాది గదా. నీకు ఇయ్యాలనుందా?" అని అడిగింది.

ఆవిడకది మామూలు ప్రశ్న. ఎవరినైనా అలాగే అడుగుతుందేమో. నన్ను మాత్రం అలా అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఊఁ అంటే అయిపోతుంది. చర్చి నిండా జనం నా వైపే చూస్తున్నారు.

"లేదమ్మా, నాకు ఇవ్వాలని లేదు" అన్నాను.

"ఏటే, మతిపోనాదా? అందరి ముందూ నా పరువు..." రాబర్ట్ ముఖం నల్లబడింది. మీ మోటారు సైకిలు ఇచ్చేద్దాం అని నాలిక చివరిదాకా వచ్చింది. పెన్నుకి మూత పెట్టి ఆయన జేబులో పెట్టాను.

"మీవాళ్ళకి ఆసుపత్రి పనుంటే ఫోన్ చెయ్యండమ్మా. నాకు వీలైన రోజు నేనే తీసుకెళ్తాను" అన్నాను వార్డెనమ్మతో. నాకు వీలైన రోజు అనడం నాకే కొత్తగా ఉంది.

బయటికి వచ్చి కారెక్కి అద్దాలు ఎత్తేశాను. అత్తమ్మ పోయాక మొదటిసారి నోరు తెరిచి గట్టిగా ఏడ్చాను. రాబర్ట్ వచ్చి అద్దం మీద కొట్టాడు, ఏదో అంటున్నాడు. ముందు నా ఏడుపు పూర్తి చేసుకున్నాను.