మంత్రిగారి మీద పోటీ

మా కరబిన్ ఊరి శాసనసభ్యుడు గిడియన్ హార్కోట్‌కు మంత్రి పదవి వచ్చిందని సిడ్నీ నుంచి తంతి రాగానే ఊళ్ళో బీరు ఏరులై పారింది. ఆ రోజుల్లో మా వలసరాజ్యంలో ఒక రివాజు ఉండేది. మంత్రి అయినవాడు తన స్థానం వదులుకుని, మళ్ళీ ఓటర్ల ముందుకు రావాలి. పోటీకి ఎవరూ లేకపోతే మాత్రం ఊళ్ళో అడుగు పెట్టకుండానే గెలిచినట్టు లెక్క.

ఆ సాయంత్రమే అతని భార్య లావీనియా నా గుర్రపు జీన్ల కొట్టుకు వచ్చింది.

"సైలస్, ఆయన మీద నువ్వు నిలబడు."

"నేనా? మతి గానీ పోయిందా?"

"ఎవరో ఒకరు నిలబడితే గానీ ఆయన రాడు. క్రిస్మస్‌కి కూడా రాలేదు. మొహం మర్చిపోతున్నానయ్యా."

చిన్నప్పటి నుంచీ ఆమె ఏమడిగినా కాదనలేని దద్దమ్మను నేను. ఆమె పెళ్ళిబండి గుర్రాలకు కళ్ళేలు కుట్టింది కూడా నేనే. సరేనన్నాను.

గిడియన్ పరుగెత్తుకొచ్చాడు. నామినేషన్ నాడు నేను వేదిక ఎక్కగానే జనం గోల.

"జీన్లు కుట్టుకోరా సైలసూ! చట్టాలు నీ వల్లేం అవుతాయి!"

తీరా ఎవరు కావాలో చేతులెత్తి చూపమంటే నాకే ఎక్కువ లేచాయి. మంత్రిని ఏడిపించడమంటే మావాళ్ళకు అంత సరదా. చేతుల లెక్కలో ఓడినవాడు పోలింగ్ కోరే హక్కు ఉండేది; గిడియన్ మొహం మాడ్చుకుని పోలింగ్ పెట్టమన్నాడు. పోలింగ్ అయ్యేదాకా ఇక ఊళ్ళోనే ఉండాలి. వాళ్ళింట్లోంచి మాంసం వేగే వాసన, లావీనియా నవ్వు నా కొట్టుదాకా వచ్చేవి. కిటికీ మూసుకుని పని చేసుకునేవాణ్ణి.

పోలింగ్ ముందురోజు ఆమె మళ్ళీ వచ్చింది.

"నువ్వు నిజంగానే గెలిచావనుకో, ఆయన ఇక ఇంటిపట్టునే ఉంటాడు కదూ?"

ఎంత ఆశో ఆ కళ్ళలో! నేను గెలిస్తే సిడ్నీ పోవాల్సింది నేనన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. అయినా గొంతు పోయేదాకా గడపగడపకూ తిరిగి ఓట్లడిగాను.

ఓడిపోయాను. గెలుపు విందైనా ముగియకుండానే గిడియన్ సిడ్నీ బండెక్కాడు. లావీనియా రోడ్డు మీదే నిలబడిపోయింది. వెళ్ళి పక్కన నిలుచున్నాను.

"ఈ మంత్రివర్గం ఎన్నాళ్ళుంటుందంటావ్?"

"ఎన్నాళ్ళో ఉండదులే. పడిపోతుంది."

"ఆయన మళ్ళీ మంత్రైతే, మళ్ళీ పోటీ చేస్తావా?"

అడిగేటప్పుడు కూడా నా వైపు చూడలేదు. బండి పోయిన దారినే చూస్తోంది.

"చేస్తాను," అన్నాను.