ఎనభై మూడో పేజీ

సీసపు అక్షరాలు ఏరి పేరుస్తున్న రాయమల్లు చేయి ఎనభై మూడో పేజీ దగ్గర ఆగింది. హనుమకొండ చౌరస్తా పక్కనున్న ఆ ప్రెస్సులో ఇరవై ఆరేళ్లుగా అతను కంపోజిటరు. పెళ్లి పత్రికలైనా, ఎన్నికల కరపత్రాలైనా అక్షరాలే చూసేవాడు, అర్థం జోలికి పోయేవాడు కాదు. ముందుకు వంగిపోయిన మెడ, నల్లబడ్డ వేలి కొసలు, ఎప్పుడూ సగం మూసినట్టుండే కళ్లు.

కానీ ఆ వాక్యం అతన్ని వదల్లేదు. ‘ఓర్పు గొప్ప గుణమని మనం అందరికీ నేర్పలేదు. ఎవరు వెళ్లిపోతే మనకు ఇబ్బందో వాళ్లకే నేర్పాం.’

ఆ పుస్తకం రాసింది కిషన్ రావు. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. కుటుంబం పవిత్రమైనదేమీ కాదు, మనుషులు చేసుకున్న ఏర్పాటే అంటాడు. ఇళ్లు కూల్చే రాతలని ఊళ్లో పేరు.

పదకొండింటికి ఆయన ప్రూఫులు దిద్దడానికి వచ్చాడు. రాయమల్లు చేతులు తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు.

“సారూ, ఓర్పు గురించి రాసిన్లు గద. గది నిజమేనా?”

“నిజమనుకునే రాసిన. ఎందుకు?”

“మా చెల్లె కట్టమ్మను హసన్‌పర్తిల ఇచ్చినం. పెనిమిటి కొట్టడు, తిట్టడు. పిల్లలు లేరని ఆరేండ్ల సంది మాట్లాడడు. గంతే. రెండుమాట్లు వస్తే నేనే బస్సెక్కిచ్చి పంపిన. మల్ల వచ్చింది. ఇయ్యాల పొద్దుగూకంగ అత్తోళ్లు తోల్కపోను వస్తాన్లు. గంత మాత్రానికే ఇల్లిడుస్తరా సారూ?”

“ఈ ప్రెస్సుల ఆరు దినాలు నీతోని ఎవ్వలు మాట్లాడకుంటే ఉంటవా?”

రాయమల్లు చేతులు తుడుచుకున్న గుడ్డను భుజాన వేసుకున్నాడు. “మీరైతే ఏం చేసేటోళ్లు?” అన్నాడు.

కిషన్ రావు కళ్లద్దాలు తీశాడు. “మా అక్కను నేను గూడ తిరిగి పంపిన రాయమల్లూ. ఆమె ఆ ఇంట్లనే చనిపోయినంకనే రాసుడు మొదలుపెట్టిన.” మళ్లీ ప్రూఫుల మీదికి వంగాడు.

ఆ మధ్యాహ్నం రాయమల్లు చేతిలోంచి అక్షరాలు రెండుసార్లు జారిపడ్డాయి. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు పోవాలో తోచలేదు. నాలుగింటికే యజమానికి చెప్పి సైకిలెక్కాడు. ఖిలా వరంగల్ దాకా తొక్కుతూ ఒకే మాట వల్లించుకున్నాడు: పంప. నేను పంప.

గుమ్మంలోనే భార్య యాకమ్మ ఎదురొచ్చి గొంతు తగ్గించింది.

“కట్టమ్మ పోయింది. మంచిర్యాల దవాఖాన్ల ఆయా పని కుదిరిందట. రైలుబండికి పోయింది.”

“నాకు చెప్పకుండనా?”

“‘అన్న మంచోడే వదినె, కని పంపుడే ఎరుక ఆయినకు’ అన్నది.”

రాయమల్లు సైకిలు గోడకు ఆనించాడు. అంతలోనే కట్టమ్మ బావగారు ఎల్లస్వామి, ఇద్దరు కులపెద్దలు వచ్చి మంచం మీద కూర్చున్నారు.

“పిల్లను పిలువు, పోదాం.”

“లేదు. నేనే పంపిన.”

“ఎటు పంపినవ్?”

“చెప్ప.”

“కులంల నీకు నీళ్లు గూడ పుట్టయ్!” ఎల్లస్వామి లేచాడు.

“పుట్టకపోనీ.”

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. వాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయాక పెరట్లోకి నడిచాడు.

దండెం మీద అతని చొక్కా ఆరేసి ఉంది. కట్టమ్మ పోతూ పోతూ ఉతికింది. జేబు మీది సిరా మరక సగం వదిలింది, సగం మిగిలింది. అంచు నుంచి నీళ్లు ఇంకా ఒక్కో చుక్కా కారుతున్నాయి.