అడిగే చట్రం

నాకు ముక్కు మీద కోపం. ఎవరో చెబితే మీరు వినడం కన్నా ఆ సంగతి నేనే ముందు చెప్పేస్తే మంచిది. వీధిలో నన్ను వెనకాల మిరపకాయ అంటారట. అననీ. తలుపులూ కిటికీలూ చేసుకునే వడ్రంగిని. కోపంలో మేకు వంకరగా దిగితే పీకి మళ్లీ కొట్టొచ్చు. తేనెటీగలతో అలా కుదరదు. కోపంతో వెళితే అవి మనల్ని కుడతాయి, తొందరతో వెళితే మనమే వాటిని చంపుతాం. ఈ మాట నాది కాదు, మా చెల్లిది.

మా కార్ఖానా వెనక గోడవారగా ఆరు పెద్ద తేనెపెట్టెలున్నాయి. పెట్టెలు నేను చేసినవి, వాటిలోని ఈగలు చెల్లి సాకినవి. ఏడోది చిన్న పెట్టె. పెద్దవాటిలో ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాలు పదేసి పడితే దాంట్లో పట్టేది నాలుగే. వంటింటి కిటికీ కింద, నేను కాలు అతికించిన పాత స్టూలు మీద ఉంటుంది. దాంట్లోంచి ఏనాడూ తేనె తీసింది లేదు.

"మరెందుకే ఇది, దండగ!" అని మొదట్లో నేను విసుక్కున్నాను.

"ఇది తేనెకి కాదన్నయ్యా, మిగతావాటికి ఆసరా" అంది చెల్లి.

నిజంగానే ఆసరా అయింది. ఏ పెద్ద పెట్టెలో ఈగలు పలచబడినా, చెల్లి ఈ చిన్నదాంట్లోంచి పిల్లలున్న చట్రం ఒకటి తీసి అందులో వేసేది. ఎక్కడైనా రాణి ఈగ ముసలిదైతే దీని రాణిని తీసి ఇచ్చేసేది. దీంట్లో మళ్లీ కొత్త రాణి తయారయ్యేదాకా పంచదార నీళ్లు పోసి, పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకునేది. దాని పుణ్యమా అని ఏడేళ్లలో మా పెద్ద పెట్టెల్లో ఒక్కటీ ఖాళీ కాలేదు.

చెల్లికి ఇంకో పద్ధతి ఉంది. ఏ పెట్టెలోనైనా గుడ్లు కనబడకపోతే, రాణి పోయిందంటూ నేను ఒంటికాలి మీద లేచేవాణ్ణి. ఆమె మాత్రం "ముందు అడుగుదాం" అనేది. అడగడమంటే, చిన్న పెట్టెలోంచి గుడ్లున్న చట్రం తీసి ఆ పెట్టెలో పెట్టి మూడు రోజులు ఆగడం. నిజంగా రాణి లేకపోతే ఈగలు ఆ గుడ్ల దగ్గర కిందికి వేలాడే పెద్ద అరలు కట్టడం మొదలుపెడతాయి, కొత్త రాణిని పెంచుకోవడానికి. కట్టలేదంటే రాణి లోపలే ఉన్నట్టు. ఇంకా గుడ్లు పెట్టడం మొదలుపెట్టని పడుచు రాణి సన్నగా ఉంటుంది, ఏ మూలో దూరి కంటికి ఆనదు. అలాంటప్పుడు మనం ఇంకో రాణిని తెచ్చి పెడితే ఈగలు దాన్ని బతకనివ్వవు. అలా పెట్టే చట్రాన్ని మా ఇంట్లో అడిగే చట్రం అంటాం.

మూడు రోజులు అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. నేను టీ మరిగేదాకా ఆగలేని మనిషిని.

చెల్లికి ఇప్పుడు యాభై రెండేళ్లు. పెళ్లి కాలేదు. అమ్మ మంచాన పడ్డ ఎనిమిదేళ్లూ చాకిరీ ఆమే చేసింది. నా భార్య రెండు కాన్పులకీ ఆమే. పెద్దక్క ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆమే బస్సెక్కేది. ఆమె గది తలుపు వెనక కొక్కేనికి ఒక ఖాకీ సంచీ ఉండేది, ఎప్పుడూ సగం సర్దే ఉండేది. వెళ్తావా అని ఆమెని అడిగినవాళ్లు లేరు. రేపు బయల్దేరు అనేవాళ్లం, బయల్దేరేది.

ఈ ఏడు పూత ఇంకా మొదలుకాక ముందు పెద్దక్కకి కంటి ఆపరేషన్ అయింది. చెల్లి ఆరు రోజులు అక్కడ ఉండాలి. బస్టాండుకి నడుస్తుంటే దారిలో చెప్పింది.

"చిన్న పెట్టె నీరసంగా ఉందన్నయ్యా. గుడ్లున్న చట్రం ఒక్కటే మిగిలింది. నేనొచ్చేదాకా దాని జోలికి పోకు."

"సరేలే. అన్నట్టు, మన పిల్లకి వచ్చే నెల్లో కాన్పు కదా. ఉద్యోగం ఉన్న ఊరొదిలి రాలేనంటోంది. అత్త వచ్చి ఓ ఏడాది ఉంటుందిలే అని చెప్పేశాను."

"చెప్పేశావా?"

"ఆఁ. ఎంత సంతోషపడిందనుకున్నావ్!"

చెల్లి సంచీ ఇంకో భుజానికి మార్చుకుంది. "మరి చిన్న పెట్టె?" అంది.

"దానికేం, నేను చూసుకోనూ!" అన్నాను.

మర్నాడే ఐదో పెద్ద పెట్టె తెరిచాను. ఒక్క గుడ్డు లేదు, ఒక్క పిల్లపురుగు లేదు. రెండు వారాల్లో, ఏటా మా పెట్టెలు అద్దెకి తీసుకునే తోట ఆయన వచ్చి, పూత మీద ఈగలు వాలడానికి ఆరు పెట్టెలూ తన తోటలోకి మోయించుకెళతాడు. రాణి లేని పెట్టెని అంటగడితే నా పరువేం కాను? ఫోను జేబులోనే ఉంది. చేస్తే చెల్లి ఏమంటుందో తెలుసు. అడుగు, మూడు రోజులు ఆగు అంటుంది. అందుకే చేయలేదు.

చిన్న పెట్టెకి పొగ పట్టి మూత తీశాను. రాణి దొరికింది, నిండుగా, నిదానంగా నడుస్తోంది. దాన్ని అగ్గిపెట్టెంత జాలీ డబ్బాలోకి పట్టి, మూతికి పంచదార ముద్ద పెట్టి, ఐదో పెట్టెలో చట్రాల మధ్య దించాను. ముద్ద తినేసి దారి చేసుకునే లోపల ఈగలకి కొత్త రాణి వాసన అలవాటవుతుంది. పనిలో పనిగా, గుడ్లున్న ఆ ఒక్క చట్రమూ లాగి ఐదోదాంట్లోనే వేశాను. పెద్ద పెట్టెకి బలం వస్తుందనుకున్నాను.

వంటింటి కిటికీలోంచి నా భార్య చూసింది. "ఆవిడ వచ్చాక చెయ్యొచ్చుగా?" అంది.

"నువ్వు నీ గిన్నెల సంగతి చూసుకో" అన్నాను.

మూడో నాడు పొద్దున ఐదో పెట్టె గుమ్మం ముందు రాణి చచ్చి పడి ఉంది. ఒక రెక్క చిరిగిపోయింది, కాళ్లు ముడుచుకుపోయాయి. దాన్ని కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. చిన్న పెట్టె మూత ఎత్తితే లోపల్నుంచి మూలుగులాంటి చప్పుడొచ్చింది. ఈగలు దిక్కుతోచనట్టు చట్రాల మీద తిరుగుతున్నాయి. కొత్త రాణిని పెంచుకుందామన్నా వాటి దగ్గర గుడ్డు లేదు. ఉన్నది నేనే ఊడ్చుకెళ్లాను. ఇంకో పెట్టెలోంచి గుడ్ల చట్రం తెచ్చి వెయ్యొచ్చని తెలుసు. వేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. అంత మూర్ఖుణ్ణి నేను. గిన్నెడు పంచదార నీళ్లు పెట్టి ఊరుకున్నాను.

ఆరో రోజు మధ్యాహ్నం బస్సుకి చెల్లి వచ్చింది. "ముందు అన్నం తిను" అన్నాను. నేనెప్పుడూ అనే మాట కాదది. ఆమె సంచీ గుమ్మంలోనే దించి నేరుగా కిటికీ కిందికి వెళ్లింది. మూత తియ్యకుండానే ఒంగి చెవి పెట్టి విన్నది.

"రాణేది అన్నయ్యా?"

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. విప్పి చూసి, మళ్లీ మడిచి కిటికీ గట్టు మీద పెట్టింది. జరిగిందంతా చెప్పాను. ఆమె తిడితే బాగుండేది, నేనూ నాలుగు అరుపులు అరిచేవాణ్ణి, అక్కడితో సరిపోయేది. ఆమె తిట్టలేదు. ఐదో పెట్టె తెరిచి, నేను వేసిన చట్రాన్ని పైకి లాగింది.

"చూడు. వీటి ముందు గుడ్లు పెట్టావు. ఒక్క రాణి అరైనా కట్టాయా?"

కట్టలేదు. ఆ పక్క చట్రం తీసి వెలుతురుకి పట్టింది. అరల అడుగున కొత్త గుడ్లు, తెగిన దారప్పోగుల్లా నిలబడి ఉన్నాయి.

"వీటికి రాణి ఉంది. నువ్వు చూసిన రోజూ ఉంది. నిన్నో మొన్నో గుడ్లు మొదలెట్టింది. మూడు రోజులాగుంటే ఇవే చెప్పేవి."

"నాకేం కలొచ్చిందా? కంటికి కనబడితేగా!" అని గట్టిగా అరిచాను.

"కనబడనప్పుడే కదా అడగాల్సింది" అంది. చట్రం మెల్లిగా లోపలికి దించింది. "అప్పుడూ ఇంతే చేశావు."

"ఎప్పుడు?"

"గడియారాలాయన వచ్చినప్పుడు."

నా చేతిలో పొగడబ్బా అలాగే ఉండిపోయింది. ఇరవై ఏడేళ్ల కిందటి సంగతి. గడియారాలు బాగుచేసే ఆయన ఒకరోజు కార్ఖానా గుమ్మంలో నిలబడి, "మీ చెల్లెలికి ఇష్టమైతే నేను చేసుకుంటానండీ" అన్నాడు. మంచి మనిషి. లోపల అమ్మ మంచంలో ఉంది. నా భార్యకి నెలలు నిండుతున్నాయి. చేతిలో చిత్రిక కిందపెట్టనైనా పెట్టకుండా, "మా చెల్లికి పెళ్లి ఇష్టం లేదు" అన్నాను. ఆయన సరేనని వెళ్లిపోయాడు. ఈ మాట నేను ఎవరి దగ్గరా పొక్కనివ్వలేదు. ఆమెకి తెలియదనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

"నీకెవరు చెప్పారు?"

"ఆయనే. అమ్మ గదిలో గోడగడియారం బాగుకి నేను పట్టుకెళ్లినప్పుడు. 'మీకిష్టం లేదన్నారు, ఏమనుకోకండి' అన్నాడు. అవునండీ అన్నాను. నీ మాట పోకూడదని."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు రాదు. "నిన్నడిగుంటే ఏమనేదానివే?" అన్నాను చివరికి.

"ఏమో. అడగలేదుగా, నాకూ తెలీదు."

ఆ తర్వాత పనిలో పడింది. గుడ్ల చట్రం ఐదోదాంట్లోంచే తియ్యి, అదే కదా దీన్ని ముంచింది అన్నాను. "దాని రాణి ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది, దాన్నొదిలెయ్" అని, అన్నిట్లోకీ బలమైన రెండో పెట్టెలోంచి ఒకటి తీసి, ఈగల్ని దులిపి, చిన్న పెట్టెలో పెట్టింది.

"బతుకుతాయా?" అన్నాను.

"ఈగలు బాగా తక్కువున్నాయి. అర కట్టాయా, ఆశ ఉంటుంది. కట్టలేదా, ఇది పోయినట్టే. మూడు రోజులు."

ఆ సాయంత్రం మా అమ్మాయి ఫోను చేసింది. "అత్త ఎప్పుడొస్తోంది నాన్నా? గది సర్దేశాం."

"కనుక్కుని చెప్తాను."

"కనుక్కోవడమేంటి? వస్తుందన్నావుగా."

"అన్నాను. దాన్నడగలేదమ్మా" అన్నాను.

చెల్లి గదిలో ఖాకీ సంచీని కొక్కేనికి తగిలిస్తోంది. గుమ్మంలో నిలబడ్డాను. రెండుసార్లు దగ్గాను.

"పిల్ల దగ్గరికి... నీకు వెళ్లాలనుందా?"

ఇందులో ఏం మెలిక ఉందోనన్నట్టు నా మొహంలోకి చూసింది. "లేదంటే?"

"లేదనే చెప్తాను. నేనూ మీ వదినా వెళ్తాం."

"నీకు కోపం రాదూ?"

"వస్తే వస్తుంది. నా కోపానికి నువ్వు జవాబుదారీ కాదు."

మంచం మీద కూర్చుంది. చాలాసేపు కొక్కెం వంకే చూసింది. "మూడు రోజులు ఆగన్నయ్యా" అంది.

ఆగాను. ఆ మూడు రోజులూ ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. ఒక తలుపు రెండంగుళాలు తక్కువ కోశాను. అరుపులు వినబడకపోయేసరికి నా భార్య నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చిన్న పెట్టె దగ్గరికి రోజుకి పదిసార్లు వెళ్లాను, మూత మాత్రం ముట్టలేదు. చెల్లినీ ఏమీ కదపలేదు. వెళ్లనంటే ఇల్లెలా అని భయమేసేది. వెళ్తానంటుందేమోనని అంతకన్నా భయమేసేది, ఎందుకంటే అది నా కోసమే అంటుంది.

మూడో రోజు పొద్దున్నే పిలిచింది. "అన్నయ్యా, రా."

చట్రం పైకి తీసి, ఈగల్ని మెల్లిగా ఊది పక్కకి జరిపింది. అంచు దగ్గర రెండు అరలు, బొటనవేలి గోరంత, తలకిందులుగా వేలాడుతున్నాయి. వాటి చుట్టూ ఈగలు గుంపుగా పట్టుకుని ఉన్నాయి. మైనం ఇంకా తెల్లగా, కొత్తగా ఉంది.

"చూశావా, బతకాలనే ఉంది వీటికి" అంది చెల్లి.

నేను ఏడ్చాను. పొగ అని బుకాయించలేదు.

చట్రం దించింది, మూత పెట్టింది, గాలికి లేవకుండా పైన ఇటుక పెట్టింది. అప్పుడు, నా వైపు తిరక్కుండానే, "నేను వెళ్లనన్నయ్యా" అంది.

"సరే."

"ఈ రాణి పుట్టి, ఎగిరొచ్చి, గుడ్లు పెట్టేదాకా ఇక్కడే ఉంటాను. ఆ తర్వాత కూడా ఇక్కడే ఉంటాను."

"సరేనమ్మా."

అమ్మాయికి నేనే ఫోను చేసి చెప్పాను. కాసేపు అలిగింది, నా కూతురే కదా. మధ్యాహ్నం చెల్లి కొక్కేనికున్న సంచీ దించి, అందులోని చీరలూ తువ్వాలూ ఒక్కొక్కటే తీసి మడతపెట్టి బీరువాలో పెట్టుకుంది. ఖాళీ సంచీ దులిపి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీకు కావాల్సొస్తుంది" అంది.

మా అమ్మాయి ఊరికి బయల్దేరిన రోజు నా బట్టలు అందులోనే సర్దుకున్నాను.