నవ్వితే దొరకని కళ్ళు

ఇంట్లో ఆమెను పొట్టి అని పిలిచేవారు. మనిషి తాడిచెట్టులా ఎదిగాక కూడా ఆ పేరు వదల్లేదు. ఆఫీసులో మాత్రం ఆ సంగతి ఎవరి చెవినా పడకుండా ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చింది. అక్కడ ఆమె, తలకు తగిలించుకునే హెడ్‌సెట్లకు డిస్‌ప్లేలు తయారుచేసే ఇంజినీరు.

రెండేళ్ళుగా ఒకే పని పట్టుకుని కూర్చుంది. పెట్టుకున్నవాళ్ళ కన్ను ఎటు చూస్తోందో హెడ్‌సెట్‌కు తెలియాలి. అందుకోసం అందరూ అద్దాల కింది అంచున బుల్లి కెమెరాలు బిగిస్తారు. ఆమె అలా కాకుండా డిస్‌ప్లేలోనే, పిక్సెళ్ళ మధ్య సందుల్లో, కంటికి ఆనని సెన్సర్లు నాటింది. బొమ్మ చూపించే తెరే కంటిని ఎదురుగా చూస్తుందన్నమాట. వినడానికి బాగానే ఉంది గానీ, పది తెరలు చేస్తే ఏడు పాడయ్యేవి.

పక్క టేబుల్ దగ్గర కెమెరాల పని చూసే ఆయన తన వంతు ఎప్పుడో పూర్తిచేసేశాడు. మనిషి మంచివాడు. మనసులో తిట్టుకోవడానికి కూడా వీల్లేదు కదా అని ఆమెకు అదో బాధ.

బుధవారం పొద్దున్న రెండింటికీ పోటీ పెట్టారు. బయటివాళ్ళు పదిమంది వచ్చి రెండు హెడ్‌సెట్లూ పెట్టుకుని, లోపల కదిలే చుక్కను కళ్ళతో వెంబడించాలి. గెలిచింది ముందుకెళ్తుంది, రెండోది అటకెక్కుతుంది. తీరా చూస్తే పదో మనిషి జ్వరమని ఫోన్ చేశాడు.

"దగ్గర్లో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది విభాగం పెద్ద. అందరూ ఆవిణ్ణి మేడమ్ అంటారు.

రెండు వీధుల అవతల బాబాయి ఉన్నాడు. ముప్ఫయ్యేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కబురు అందిన పావుగంటకే ఇస్త్రీ చొక్కాతో దిగి, గుమ్మంలోంచే "పొట్టీ, ఎక్కడున్నావే?" అన్నాడు. గదిలో అందరి తలలూ ఇటు తిరిగాయి. ఎనిమిదేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది.

తన వంతు వచ్చేదాకా బాబాయి ఆమె పక్కనే కూర్చున్నాడు. "నేనెటు చూస్తే దానికెందుకమ్మా?" అన్నాడు.

"నువ్వు చూసిన చోట మాత్రమే బొమ్మ శుభ్రంగా గీస్తుంది బాబాయ్. మిగతాదంతా పైపైన గీసి ఊరుకుంటుంది. బ్యాటరీ మిగులుతుంది."

"మీ పిన్ని లాగే. వచ్చినవాళ్ళు కూర్చునే గది ఒక్కటే ఊడుస్తుంది."

ఆమెకు నవ్వు రాలేదు. తొమ్మిదిమందివీ అయిపోయాయి. కెమెరాలదే పైచేయి. తేడా వెంట్రుకవాసే, కానీ తేడా తేడాయే. రెండేళ్ళుగా కళ్ళల్లో వత్తులేసుకుని చేసిన పని కళ్ళెదుటే జారిపోతుంటే ఆమె గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది.

బాబాయికి ముందు కెమెరాల హెడ్‌సెట్ పెట్టారు. చుక్క ఒక మూల నుంచి ఇంకో మూలకు గెంతింది. ఆయన భుజాలు కదలడం మొదలైంది.

"ఏమైందండీ?" అంది మేడమ్.

"ఏం లేదమ్మా. టిక్కెట్టు కొనకుండా ఎక్కినవాడు అచ్చం ఇలాగే సీటు మార్చి సీటు మారేవాడు," అంటూ పకపకా నవ్వేశాడు.

కంప్యూటర్ తెర మీద ఆయన చూపు వెంట సాగుతున్న గీత టక్కున తెగిపోయింది.

"కాస్త ఆపుకోండి. నవ్వు నాలుగు విధాల చేటన్నారు," అంది మేడమ్.

"అయితే ఐదోది మీ యంత్రానికన్నమాట," అని బాబాయి ఇంకా నవ్వాడు. ఆయన నవ్వినంతసేపూ గీత అతకనేలేదు.

తర్వాత డిస్‌ప్లే సెన్సర్ల హెడ్‌సెట్ పెట్టారు. చుక్క గెంతగానే బాబాయికి మళ్ళీ ఆ ప్రయాణికుడే గుర్తొచ్చాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. గీత వణికింది, సన్నబడింది, కానీ తెగలేదు.

ముందు గమనించింది కెమెరాల ఆయనే. కుర్చీ జరుపుకుని, వంగి, బాబాయి ముఖాన్ని పక్కనుంచి చూశాడు. "బుగ్గలు," అన్నాడు మెల్లగా. "నవ్వితే బుగ్గలు పైకి లేచి నా కెమెరాలకు అడ్డం పడుతున్నాయి. మీ సెన్సర్లు ఎదురుగా ఉన్నాయి కాబట్టి ఆ సన్నటి సందులోంచి కూడా చూడగలుగుతున్నాయి."

ఏడాదిగా ఈ గదిలో వందలమందిని కూర్చోబెట్టి కదలొద్దు, మెదలొద్దు అన్నారే తప్ప, ఒక్కరినీ నవ్వించి చూడలేదు.

"ఇది పెట్టుకుని సినిమాలు చూసేవాళ్ళు నవ్వకుండా ఎలా ఉంటారు?" అంది మేడమ్. పక్క గదిలో టీ తాగుతున్న తొమ్మిదిమందినీ మళ్ళీ పిలిపించింది. బాబాయి వైపు తిరిగి, "వీళ్ళను మీరే నవ్వించాలి," అంది.

ఆయనకు అంతకన్నా కావలసిందేముంది? బస్సెక్కి కిటికీ సీటు కోసం తగువులాడుకుని, తీరా తమది ఆ బస్సే కాదని తెలుసుకున్న కొత్త దంపతుల కథ ఎత్తుకున్నాడు. చెప్పిందే చెబుతున్నా ఎక్కడా విసుగు పుట్టనివ్వలేదు. తొమ్మిదిమందిలో ఆరుగురి కళ్ళు కెమెరాలకు దొరక్కుండా పోయాయి. ఆమె తెరకు దొరకనివి ఇద్దరివే.

మేడమ్ లెక్క రెండుసార్లు చూసుకుంది. "డిస్‌ప్లేలో పెట్టిన సెన్సర్లతోనే ముందుకెళ్దాం. ఆరు నెలలు టైమిస్తున్నాను. పదిలో ఏడు పాడవడం కాదు, ఏడు బాగుండాలి."

ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు. బాబాయి చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేసింది. "సరేలేవే, భుజం ఊడేట్టుంది," అన్నాడాయన.

బాబాయిని గేటుదాకా దిగబెట్టి వచ్చేసరికి, కెమెరాల ఆయన తన కుర్చీని ఆమె టేబుల్ దగ్గరికి లాక్కుని కూర్చుని ఉన్నాడు. ముఖంలో ఓడిన ఛాయ కొంచెం ఉన్నా, చేతిలో పెన్సిలుంది.

"మేడమ్ నన్ను మీ పనిలో వేశారు. నేనే అడిగాను," అన్నాడు. "ఒక అనుమానం. నవ్వితే సరే. ఏడిస్తే? కంట్లో నీళ్ళు నిండితే మీ సెన్సర్లు ఏం చూస్తాయి?"

ఆమె దాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు. టేబుల్ మీది హెడ్‌సెట్ చేతిలోకి తీసుకుంది.

"క్యాంటీన్‌లో ఉల్లిపాయలుంటాయి. పదండి," అంది.