పొయ్యి పక్కన మొలిచిన చిటపట మొక్క

పెద్దక్క చేతులకి కళ్లతో పని లేదు. నర్సరీలో పంతొమ్మిదేళ్లుగా ఆమెది ఒకటే ఉద్యోగం, కుండీల్లో కలుపు తీయడం. పక్కవాళ్లతో కబుర్లాడుతూనే రోజుకి ఆరొందల కుండీలు శుభ్రం చేసిపారేసేది. ఆ కలుపులో సగం చిటపట మొక్కే. ఆవాల జాతిది, జానెడు ఎత్తు, చిన్న చిన్న తెల్లపూలు. కాయలు ముదిరాక వేలు తగిలితే చాలు, చిటపటమని పేలి గింజలు మొహాన కొడతాయి. లేత ఆకు మధ్యాహ్నం భోజనంలో నంజుకుంటే ఆవఘాటు ముక్కుకెక్కుతుంది.

అబద్ధం ఆడిన చోట మొలుస్తుందది. చిన్నదైతే అక్కడికక్కడే, పెద్దదైతే తెల్లారేసరికి. నిజం చెప్పేదాకా ఎన్నిసార్లు పీకినా మళ్లీ వస్తుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే. "ఈ గులాబీ ఏడాది పొడుగునా పూస్తుందమ్మా" అని నర్సరీ యజమాని రోజుకి పాతికమందికి చెప్తాడు. ఆయన బల్ల కిందకి కొడవలే పట్టుకెళ్లాలి. అంతమాత్రాన ఆ ఆకు తినడం ఎవరూ మానలేదు.

పెద్దక్క ఇంట్లో మాత్రం ఎప్పుడూ మొలవలేదు. ఆమె మొగుడు తాళాలు బాగుచేస్తాడు. అబద్ధం అల్లేంత తెలివి మా ఆయనకెక్కడిది అని ఆమె నవ్వేది.

ఆ మంగళవారం పొద్దున టీ పెడుతూ, వంగి ఏదో పీకి చెత్తబుట్టలో పడేసింది. బుధవారమూ అంతే. గురువారమూ అంతే. ఏం పీకుతున్నానని ఆలోచించలేదు, చేయి దాని పని అది చేసుకుపోయింది. శుక్రవారం, వేళ్లకి మట్టి అంటడం లేదని తోచింది. అప్పుడు చూసింది. పొయ్యి పక్కన, రెండు పలకల సందులో, పిడికెడు మట్టి కూడా లేని చోట మొలిచింది.

రొమ్ములో గడ్డ తగిలిందని రెండు వారాల క్రితం పరీక్ష చేయించుకుంది. తనకి సెలవు దొరక్క రిపోర్టు కోసం మొగుణ్ణి పంపింది. సోమవారం సాయంత్రం అతను సరిగ్గా ఈ పలకల మీదే నిలబడి, "డాక్టరమ్మకి చూపించాను, ఏమీ లేదంది" అన్నాడు.

టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమెకి తెలియనే లేదు. ఏమీ లేదన్నది అబద్ధమైతే, ఏదో ఉన్నట్టే కదా.

"ఇలా రా," అని పిలిచింది.

మొగుడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, ఆమె అరచేతిలో మొక్కని చూసి అలాగే నిలబడిపోయాడు.

"ఎంత ముదిరిందంది? నా దగ్గర దాచకు."

"నాకు తెలీదు."

"తెలీకపోవడమేంటయ్యా, రిపోర్టు చూపించావుగా?"

"అసలు తీసుకోలేదు." గోడకి జారబడి కూర్చున్నాడు. "వరసలో నా ముందాయన కవరు విప్పి అక్కడే కూలబడిపోయాడు. నా వంతు వచ్చేసరికి చేతులాడలేదు. వెనక్కి వచ్చేశాను. నీకేం చెప్పాలో తెలీక నోటికొచ్చింది అనేశాను."

ఎవరింటి తాళమైనా చిటికెలో తీసే మనిషి, ఒక కాగితం కవరు తీయలేకపోయాడు. ఈ మొక్కే మొలవకపోతే, ఏమీ లేదనుకుంటూ ఇంకెన్నేళ్లు కుండీల మీద వంగి ఉండేదో.

"చొక్కా వేసుకో," అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. "ఉందమ్మా. కానీ ఇంకా చిన్నదే, ఆపరేషన్‌తో పోతుంది. ఇంకో ఆరు నెలలు ఆగి వచ్చుంటే నేనీ మాట అనగలిగేదాన్ని కాదు," అంది. సోమవారం వచ్చి చేరమంది.

బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"భయంగా ఉందా?" అని అడిగాడు మొగుడు.

"ఛ, లేదు," అంది పెద్దక్క.

ఆమె చెప్పు పక్కన, పలకల సందులోంచి రెండు లేత ఆకులు పైకొచ్చాయి. ఇద్దరూ చూశారు. ఆమె చేయి అలవాటుకొద్దీ కిందికి వెళ్లి, మధ్యలోనే ఆగి, మొగుడి చేయి పట్టుకుంది.

"ఉంది," అంది. "చచ్చేంత ఉంది."