మోమో రాసిన ఉత్తరం

యేసన్న ఆ ఉత్తరాన్ని ఇంటికి తెచ్చి తొమ్మిదేళ్లయింది. యుద్ధంలో కలకత్తా మిలిటరీ ఆసుపత్రిలో రోగులను మోసే పని చేసినప్పుడు, మోమో అనే ఆఫ్రికా సిపాయి చనిపోయే ముందు తల్లికి రాసి అతని చేతిలో పెట్టాడు. వాళ్లది వాయి భాష. నూరేళ్ల కిందట వాళ్లలోనే ఒకడు దానికి లిపి కట్టాడట. ఆ లిపి చదవలేని తెల్ల అధికారులు ఉత్తరాన్ని పోనివ్వలేదు. చిరునామా కూడా ఆ అక్షరాల్లోనే ఉంటే పామిడి పోస్టుమాస్టరు మాత్రం ఏం చేస్తాడు? చేరుస్తానని మాటిచ్చిన యేసన్న దాన్ని ట్రంకుపెట్టెలో దాచాడు.

యాభై మూడు కరువులో గంజి కేంద్రానికి ఒక నర్సమ్మ వచ్చింది. ఆఫ్రికాలో పనిచేసిన మనిషి. అక్కడే వంటపనిలో గంజి తిప్పి తిప్పి చేతులు పడిపోయిన యేసన్న, ఉండబట్టలేక, గుర్తున్న నాలుగు అక్షరాలు పుల్లతో మన్నులో గీశాడు. ఆమె చప్పున అక్కడే కూర్చుండిపోయింది.

"ఇవి వాయి అక్షరాలే! ఆ ఊళ్లలో మా మిషన్ వాళ్లున్నారు. ఉత్తరం తెచ్చివ్వు, పంపిస్తాను. రేపే నా ప్రయాణం."

యేసన్న ఇంటికి పోయి ట్రంకుపెట్టె తీశాడు. ఉత్తరం లేదు.

"మారెమ్మా, కాగితం యాడ?"

భార్య తల దించుకుంది. "పోయిన ఏడు మన బిడ్డ సువార్తకు జరమొచ్చి మూడు దినాలు కండ్లు తెరవలేదు గదా. మంత్రాల తిప్పయ్యకిస్తి. ఎవురికీ తెలీని అక్షరాలంటే గట్టి మంత్రమే అన్న్యాడు. కొంత కత్తిరించి తాయెత్తులో పెట్టె. మిగిలింది కాల్చి పొగేసె. జరం దిగె."

యేసన్నకు కోపం కూడా రాలేదు. కోపానికీ ఒంట్లో సత్తువ కావాలి. గోడకు జారగిలబడ్డాడు. ఆరేళ్ల కూతురి మెడలో ఎముకల మీద రాగి తాయెత్తు కనిపిస్తోంది.

"అది తీస్తే పిల్ల దక్కదు," అంటూ మారెమ్మ బిడ్డను దగ్గరికి లాక్కుంది.

"తీయన్లే. ఆ మోమో వాళ్లమ్మ ఈ పొద్దుకీ కాచుకోనుంటాది, అంతే."

"కొడుకు సచ్చిపోయినట్టు ఆయమ్మకు తెల్దా?"

"సచ్చిన్యాడని సర్కారు చెప్పింటాది. వాడేం చెప్పినాడో ఎవురు చెప్తారు?"

మారెమ్మ బిడ్డ నుదురు తాకి చూసింది. తర్వాత లేచి కొడవలి తెచ్చి, బిడ్డ మెడలో దారాన్ని తనే కోసింది. తాయెత్తు మూతికి పెట్టిన మైనం తీస్తే లోపల రెండు వేళ్లంత కాగితం. ఏడాది చెమటకు సగం చెరిగినా మూడు వరుసలు నిలిచే ఉన్నాయి.

మర్నాడు నర్సమ్మ మోమో పేరూ ఆసుపత్రి పేరూ అడిగి రాసుకుని, దాన్ని బైబిల్లో పెట్టుకుని బస్సెక్కింది. ఆ పాటి ముక్క ఆ తల్లికి ఏ మూలకని యేసన్న మనసు పీకుతూనే ఉంది. మళ్లీ గరిటె పట్టాడు. గంజి వరుసలో మారెమ్మ ఒక చేత్తో ముంత పట్టుకుని, రెండో చెయ్యి పిల్ల నుదుటి మీద నుంచి తీయనే లేదు. దగ్గరికొచ్చాక, "జరం తగుల్తాండాదా, సూడు," అని మొగుణ్ణి అడిగింది. పొద్దున్నుంచి అట్లా అడగడం అది నాలుగోసారి.